ఐలెట్ కణాల మార్పిడిలో యాంటీ ఆక్సిడెంట్లు: ఎక్కడ పనికొస్తాయి, ఎక్కడ రావు

టైప్ 1 మధుమేహం ఉన్నవారికి ఐలెట్ కణాల (క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాల గుంపుల) మార్పిడి అనగానే అందరికీ తట్టే భయం ఒకటే: వేరే మనిషి కణాలను శరీరం ఒప్పుకోదు కదా అని. ఆ భయంలో నిజముంది. కానీ శరీరం వాటిని పరాయివిగా గుర్తించి దాడికి సిద్ధమయ్యేలోపే పెద్ద నష్టం జరిగిపోతుంది. ఎక్కించిన ఐలెట్లలో సగమో, అంతకన్నా ఎక్కువో మొదటి కొన్ని రోజుల్లోనే చచ్చిపోతాయని అంచనా.

ఈ నష్టాన్ని తిరస్కరణ ఖాతాలో వేయలేమని చెప్పడానికి మంచి సాక్ష్యం ఉంది. దీర్ఘకాలిక పాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) నొప్పితో బాధపడేవారిలో కొందరికి క్లోమం మొత్తం తీసేసి, అందులోంచి ఐలెట్లను వేరు చేసి, అదే మనిషి కాలేయంలోకి ఎక్కిస్తారు. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 1977లో ఈ పద్ధతి మొదలైంది. అవి సొంత కణాలు, పరాయివి కావు. తిరస్కరణ ప్రశ్నే లేదు. అయినా అక్కడ కూడా తొలి రోజుల్లో చాలా ఐలెట్లు పోతాయి. కాబట్టి వాటిని చంపుతున్నది మరేదో ఉంది. ఆక్సిజన్ అందకపోవడం, రక్తం తగలగానే రేగే వాపు, ఈ రెండింటి వెంటా వచ్చే ఆక్సీకరణ దెబ్బ (ఆక్సిజన్ నుంచి పుట్టే హానికర అణువులు కణాన్ని పాడుచేయడం): అనుమానితులు ఈ ముగ్గురే. ఆ దెబ్బను అడ్డుకునే పదార్థాలైన యాంటీ ఆక్సిడెంట్ల మీద మూడు దశాబ్దాలుగా పరిశోధన సాగుతున్నది ఆ మూడో అనుమానితుడి కోసం.

ఐలెట్లంటే 1869లో జర్మన్ వైద్య విద్యార్థి పాల్ లాంగర్‌హాన్స్ క్లోమంలో గుర్తించిన చిన్న కణాల గుంపులు. పాఠ్యపుస్తకాల్లో లాంగర్‌హాన్స్ పుటికలు అని చదువుకున్నవి ఇవే. పెద్దవాళ్ల క్లోమంలో సుమారు 10 లక్షలుంటాయి. ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలు ఉండేది వీటిలోనే. క్లోమం బరువులో వీటి వాటా 1–2 శాతమే అయినా, క్లోమానికి వచ్చే రక్తంలో 10 శాతానికి పైగా వీటికే వెళుతుంది. ప్రతి ఐలెట్ లోపలా సన్నని రక్తనాళాల వల ఉంటుంది. ఇంత రక్తం ఎందుకంటే, బీటా కణం శక్తి కోసం ఆక్సిజన్‌తో శక్తి పుట్టించే మైటోకాండ్రియా మీదే దాదాపు పూర్తిగా ఆధారపడుతుంది. కండరం ఆక్సిజన్ చాలకపోతే గ్లూకోజ్‌ను లాక్టేట్‌గా మార్చుకుని కాసేపు నెట్టుకురాగలదు. ఆ పని చేసే లాక్టేట్ డీహైడ్రోజినేజ్ ఎంజైమ్ బీటా కణంలో చాలా తక్కువ. ఆక్సిజన్ తగ్గితే దానికి రెండో దారి లేదు.

రక్షణ విషయంలోనూ ఇదే పేదరికం. కణం శ్వాసించే ప్రతిసారీ ఆక్సిజన్‌కు హానికర రూపమైన సూపర్ఆక్సైడ్ కొద్దిగా పుడుతుంది. దాన్ని సూపర్ఆక్సైడ్ డిస్మ్యుటేజ్ అనే ఎంజైమ్ హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది. ఆ పెరాక్సైడ్‌ను కెటలేజ్, గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ అనే ఎంజైములు నీరుగా మార్చేస్తాయి. ఈ రెండో అంచె సరిగా జరగకపోతే పెరాక్సైడ్ పోగుపడుతుంది, ఇనుము అయాన్లతో కలిసి హైడ్రాక్సిల్ రాడికల్‌గా మారుతుంది. అన్నింటిలోకీ ప్రమాదకరమైనది అదే. ఎదురుపడిన కొవ్వుపొరను, ప్రొటీన్‌ను, డీఎన్ఏను దేన్నీ వదలదు. 1996లో జర్మనీకి చెందిన సిగుర్డ్ లెంజెన్ బృందం చిట్టెలుకల కణజాలాల్లో ఈ ఎంజైముల జన్యువులు ఎంత చురుగ్గా ఉన్నాయో పోల్చి చూసింది. ఐలెట్లలో మొదటి అంచె ఎంజైము కాలేయంతో పోలిస్తే తక్కువే, అయినా చెప్పుకోదగ్గ స్థాయిలోనే ఉంది. రెండో అంచెవి మాత్రం నామమాత్రం. పెరాక్సైడ్‌ను తయారుచేసే ఎంజైము ఉండి, దాన్ని వదిలించుకునే ఎంజైములు లేకపోవడమే బీటా కణం బలహీనత.

ఈ లెక్కను ఉన్నదున్నట్టు మనుషులకు అంటగట్టకూడదు. మనుషుల ఐలెట్లలో ఈ రక్షణ ఎంజైములు ఎలుకల కన్నా మెరుగ్గా ఉంటాయని 1990లలోనే తేలింది. ఎలుకలకు మధుమేహం తెప్పించడానికి ప్రయోగశాలల్లో వాడే అలోక్సాన్ అనే రసాయనం మనుషుల బీటా కణాలను అంతగా ఏమీ చేయలేకపోవడం కూడా తెలిసిందే. పైగా, కెటలేజ్ లేకపోయినా పెరాక్సిరెడాక్సిన్, థయోరెడాక్సిన్ అనే మరో జంట ప్రొటీన్లు బీటా కణంలో పెరాక్సైడ్ పని పడుతున్నాయని ఈమధ్య కాలపు ప్రయోగాలు చూపించాయి. ‘బీటా కణానికి రక్షణే లేదు’ అని చాలా వ్యాసాల్లో కనిపించే వాక్యం అతిశయోక్తి. మామూలు రోజుల్లో దాని రక్షణ దానికి సరిపోతుంది. మార్పిడి ప్రక్రియ మామూలు రోజు కాదు, చిక్కంతా అక్కడే.

ఆ ప్రక్రియలో ఒక ఐలెట్ ఏమేం భరించాలో చూస్తే ఈ మాట అర్థమవుతుంది. క్లోమం సాధారణంగా బ్రెయిన్ డెడ్ అయిన దాత నుంచి వస్తుంది. బ్రెయిన్ డెత్ వల్లే ఒళ్లంతా వాపు రసాయనాలు పెరిగి ఉంటాయి. అవయవాన్ని చల్లని ద్రావణంలో పెట్టి ల్యాబ్‌కు తెస్తారు, రక్తప్రసరణ లేకుండా గంటలు గడుస్తాయి. ఆ తర్వాత క్లోమనాళంలోకి కొలాజినేజ్ ఎంజైమ్ ఎక్కించి, 37 డిగ్రీల వేడిలో కుదుపుతూ కణజాలాన్ని విడగొడతారు. దీనికి వాడే ప్రత్యేక పాత్రను (ఛాంబర్‌ను) పరిశోధకుడు కామిలో రికోర్డి 1980ల చివర్లో రూపొందించారు, నేటికీ అదే ప్రమాణం. చలి నుంచి వేడికి, ఆక్సిజన్ లేని స్థితి నుంచి ఉన్న స్థితికి ఒక్కసారిగా రావడంతో సూపర్ఆక్సైడ్ ఉప్పెనలా పుడుతుంది. ఆక్సిజన్ లేనప్పుడు కణంలో పేరుకున్న హైపోజాంథిన్‌ను ఆక్సిజన్ రాగానే జాంథిన్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ విరగ్గొట్టడం ఇందుకు ఒక కారణం. మైటోకాండ్రియాలో నిలిచిపోయిన ఎలక్ట్రాన్లు ఒక్కసారిగా ఆక్సిజన్ మీద పడటం ఇంకో కారణం. పైగా విడగొట్టడంలో ఐలెట్ లోపలి రక్తనాళాలు బయటి ప్రసరణతో తెగిపోతాయి. ఇక దానికి ఆక్సిజన్ అందేది బయటి ద్రవం నుంచి మెల్లగా లోపలికి ఇంకడం ద్వారానే. పెద్ద ఐలెట్ల నడిమధ్య కణాలు ముందుగా చచ్చిపోయేది ఇందుకే.

కాలేయంలోకి వెళ్లాక కష్టాలు తీరవు. ఐలెట్లను పేగుల నుంచి కాలేయానికి రక్తం తెచ్చే పోర్టల్ సిర ద్వారా కాలేయంలోకి వదులుతారు. ఐలెట్ల ఉపరితలం మీద టిష్యూ ఫ్యాక్టర్ అనే ప్రొటీన్ ఉంటుంది, రక్తం తగిలితే అది గడ్డకట్టే ప్రక్రియను మొదలుపెడుతుంది. ప్లేట్‌లెట్లు అంటుకుంటాయి, రక్తంలోని రక్షణ ప్రొటీన్లయిన కాంప్లిమెంట్ ప్రొటీన్లు రేగుతాయి, న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాలు చుట్టుముట్టి అవి కూడా సూపర్ఆక్సైడ్‌ను కక్కుతాయి. స్వీడన్‌లోని ఉప్సలా పరిశోధకులు దీన్ని వివరంగా చూపించాక, ఐలెట్లతో పాటు రక్తం గడ్డకట్టకుండా చూసే హెపారిన్ ఇవ్వడానికి, వాపు తగ్గించే మందులు తోడు చేయడానికి శాస్త్రీయ ఆధారం బలపడింది. ఈ గండం గట్టెక్కిన ఐలెట్లకు కొత్త రక్తనాళాలు అల్లుకోవడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. అల్లుకున్నాక కూడా పూర్వ వైభవం రాదు. ఎలుకల్లో కొలిచి చూస్తే క్లోమంలోని ఐలెట్లలో ఆక్సిజన్ పీడనం 30–40 మిల్లీమీటర్ల (పాదరసం) దాకా ఉంటే, మార్పిడి చేసినవాటిలో 10 లోపే ఉంది.

ఇక్కడ నష్టం తగ్గించడం ఎందుకంత ముఖ్యమో చెప్పడానికి ఎడ్మంటన్ కథ చాలు. 1990 నుంచి ఆ దశాబ్దం చివరిదాకా జరిగిన 267 ఐలెట్ మార్పిడుల్లో ఏడాదికి మించి ఇన్సులిన్ అవసరం లేకుండా ఉన్నవారు 8.2 శాతమే. 2000లో కెనడాలోని ఎడ్మంటన్ నగరంలో ఉన్న అల్బర్టా విశ్వవిద్యాలయంలో జేమ్స్ షపీరో బృందం స్టెరాయిడ్లు లేని మందుల పద్ధతితో ఏడుగురికి ఏడుగురినీ ఇన్సులిన్ నుంచి బయటపడేసింది. ప్రపంచమంతా మాట్లాడుకున్నది స్టెరాయిడ్లు మానేయడం గురించే. కానీ ఆ విజయంలో ఇంకో సగం ఉంది: ఒక్కో రోగికి ఇద్దరు, అవసరమైతే ముగ్గురు దాతల ఐలెట్లు ఎక్కించారు. పోయేవి పోగా మిగిలేవి సరిపోవాలని ఎక్కువ వేశారన్నమాట. ఒక దాత క్లోమంతో ఒక రోగికి సరిపెట్టాలంటే మధ్యలో పోయే ఐలెట్లను కాపాడుకోవడం తప్ప దారి లేదు. ఐదేళ్ల తర్వాత చూస్తే ఎడ్మంటన్ రోగుల్లో ఇన్సులిన్ లేకుండా కొనసాగుతున్నవారు 10 శాతం దగ్గరికి పడిపోయారు. మెజారిటీ రోగుల్లో ఎంతో కొంత ఇన్సులిన్ ఉత్పత్తి మాత్రం నిలిచింది. తొలి రోజుల్లో తగ్గిన సంఖ్య వల్ల మిగిలిన ఐలెట్లు పరిమితికి మించి పనిచేయాల్సి రావడం ఈ నెమ్మది క్షీణతకు ఒక కారణమని నమ్మడానికి తగిన ఆధారం ఉంది.

యాంటీ ఆక్సిడెంట్లు మొదట ఈ రంగంలోకి వచ్చింది కొత్త మందులుగా కాదు, అవయవాలను నిల్వచేసే ద్రావణంలో భాగంగా. 1980లలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో తయారై, క్లోమం, కాలేయం, మూత్రపిండాల నిల్వకు ప్రపంచమంతా వాడిన ద్రావణంలో గ్లూటాథయోన్ ఉంది. జాంథిన్ ఆక్సిడేజ్‌ను ఆపే అల్లోప్యూరినాల్ కూడా ఉంది. గౌట్‌కు (యూరిక్ యాసిడ్ వల్ల వచ్చే కీళ్లనొప్పికి) మింగే మాత్రలో ఉండేది ఈ అల్లోప్యూరినాలే.

అసలు ప్రయోగాలు ఆ తర్వాత వచ్చాయి. వాటిలో జన్యుమార్పిడి చిట్టెలుకలతో చేసినవి ఎక్కువ బోధపరుస్తాయి, ఎందుకంటే అక్కడ యాంటీ ఆక్సిడెంట్ కణం లోపలే, సరైన చోటే ఉంటుంది. సూపర్ఆక్సైడ్ డిస్మ్యుటేజ్ ఒక్కదాన్నే పెంచితే పెరాక్సైడ్ ఇంకా ఎక్కువ తయారవుతుందేమో అన్నది న్యాయమైన సందేహం. 2005లో ఒక బృందం గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్‌తో పాటు రెండు రకాల సూపర్ఆక్సైడ్ డిస్మ్యుటేజ్‌లను కలిపి పెంచిన చిట్టెలుకల ఐలెట్లను మార్పిడి చేసింది. అవి ఆక్సీకరణ దెబ్బను తట్టుకున్నాయి, మార్పిడి తర్వాత మెరుగ్గా పనిచేశాయి. రెండు అంచెలూ కలిసి బలపడాలన్న ఆలోచనకు ఇది బలమిచ్చింది. అంతకుముందు ఏడాది హానికర రాడికల్స్‌ను పట్టేసే మెటలోథయోనిన్ అనే ప్రొటీన్‌ను పెంచిన ఐలెట్లు కూడా ఆక్సిజన్ లేమిని తట్టుకుని ఎక్కువ కాలం నిలిచాయి.

మనుషుల ఐలెట్ల విషయంలో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం 2002లో ప్రచురించిన పని ముఖ్యమైనది. సూపర్ఆక్సైడ్ డిస్మ్యుటేజ్ చేసే పనినే చేసే ఒక కృత్రిమ రసాయనాన్ని, ఐలెట్లను వేరుచేసే దశలోనే వాడారు. కల్చర్‌లో, అంటే ప్రయోగశాల గిన్నెలో పోషక ద్రవంలో ఉంచినప్పుడు, బతికిన ఐలెట్ల సంఖ్య పెరిగింది, మధుమేహం ఉన్న చిట్టెలుకల్లో పెట్టాక అవి పనిచేశాయి కూడా. దెబ్బ తగిలాక మందు వేయడం కాకుండా, తగిలే క్షణానికే మందు అక్కడ ఉండాలన్నది ఇందులోని కిటుకు. 2001లో మయామీ బృందం వేరే దారి పట్టింది. యాంటీ ఆక్సిడెంట్‌ను బయటి నుంచి ఇవ్వకుండా, ఐలెట్ తనలోని హీమ్ ఆక్సిజినేజ్-1 ఎంజైమ్‌ను తానే ఎక్కువ తయారుచేసుకునేలా చేసింది. ఈ ఎంజైమ్ పని చివరికి బిలిరుబిన్‌కు దారితీస్తుంది. కామెర్ల రక్తపరీక్షలో చూసి టెన్షన్ పడే ఆ బిలిరుబిన్ స్వయంగా మంచి యాంటీ ఆక్సిడెంట్ అన్నది చాలామందికి తెలియని సంగతి.

వీటన్నింటిలోనూ యాంటీ ఆక్సిడెంట్‌ను ఇచ్చింది కణానికి, ద్రావణానికి, లేదా కల్చర్ గిన్నెకు. రోగి నోటికి కాదు. పసుపులోని కర్క్యుమిన్, గ్రీన్ టీలోని కెటెకిన్లు, ద్రాక్షలోని రెస్వెరాట్రాల్ ప్రయోగశాల గిన్నెలో ఐలెట్లను కాపాడాయన్న వార్తలు తరచుగా వస్తుంటాయి. ఆ ప్రయోగాలు అబద్ధం కావు. కానీ గిన్నెలో పోసిన మోతాదు, మాత్ర మింగినప్పుడు రక్తంలోకి చేరే మోతాదుకు ఎన్నో రెట్లు ఎక్కువ. కర్క్యుమిన్‌లో చాలా భాగం పేగులోంచి రక్తంలోకి ఎక్కనే ఎక్కదు, ఎక్కిన కాస్తా త్వరగా రూపం మారి బయటికి పోతుంది. నోటి ద్వారా ఇచ్చిన వాటిని పెద్ద ఎత్తున పరీక్షించినప్పుడు వచ్చిన ఫలితాలు కూడా చల్లబరిచేవే. ఐలెట్ కల్చర్‌లో ఎంతోకాలంగా వాడుతున్న నికోటినమైడ్‌ను తీసుకోండి. ఇది నేరుగా యాంటీ ఆక్సిడెంట్ కాదు, ఆక్సీకరణతో డీఎన్ఏ దెబ్బతిన్నప్పుడు కణంలోని ఇంధన నిల్వ ఖాళీ కాకుండా చూస్తుంది. టైప్ 1 మధుమేహం వచ్చే ముప్పున్న బంధువులకు దీన్ని మాత్రలుగా ఇచ్చి చూసిన యూరప్ ట్రయల్ ఫలితం 2004లో వచ్చింది. జబ్బును ఆపలేకపోయింది. మధుమేహంతో సంబంధం లేకపోయినా, 1994లో ఫిన్లాండ్‌లో 29 వేలకు పైగా పొగతాగేవారి మీద చేసిన ట్రయల్‌ను మరిచిపోకూడదు. అక్కడ బీటా కెరోటిన్ తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగింది.

ఐలెట్ మార్పిడి చేయించుకున్నవారికి ఇంకో రెండు చిక్కులున్నాయి. విటమిన్ సి ఎక్కువ మోతాదులో తీసుకుంటే కొన్ని రకాల గ్లూకోమీటర్లు, చర్మం కింద పెట్టే సెన్సర్లు షుగర్‌ను ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తాయి. మార్పిడి ఎలా పనిచేస్తోందో చెప్పాల్సిన అంకెనే అది పాడుచేస్తుంది. రెండోది, తిరస్కరణ రాకుండా వాడే టాక్రోలిమస్, సిరోలిమస్ మందులను శరీరంలో కరిగించే ఎంజైమ్‌ను గ్రేప్‌ఫ్రూట్ లాంటి కొన్ని మొక్కల పదార్థాలు అడ్డుకుంటాయి. మందు రక్తంలో ప్రమాదకర స్థాయికి పెరగవచ్చు. టాక్రోలిమస్ ఎక్కువైతే బీటా కణాలకే హాని. ఐలెట్లను కాపాడాలని డాక్టరుకు చెప్పకుండా మొదలుపెట్టిన ‘సహజ’ సప్లిమెంట్ ఆ ఐలెట్లకే ఎసరు పెట్టవచ్చు.

కణం లోపలికే చేరిన యాంటీ ఆక్సిడెంట్ అయినా ఎప్పుడూ మేలే చేస్తుందా అంటే, అదీ లేదు. గ్లూకోజ్ పెరిగినప్పుడు బీటా కణంలో పుట్టే కొద్దిపాటి పెరాక్సైడ్ ఇన్సులిన్ విడుదలకు సంకేతంగా కూడా పనిచేస్తుందని 2007లో వచ్చిన పరిశోధన చూపించింది. యాంటీ ఆక్సిడెంట్లతో దాన్ని తుడిచేస్తే ఇన్సులిన్ విడుదల మందగించింది. బీటా కణంలో కెటలేజ్ ఎందుకంత తక్కువో దీంతో కొంత అర్థమవుతుంది. గ్లూకోజ్‌ను పసిగట్టాల్సిన కణం పెరాక్సైడ్‌ను పూర్తిగా తుడిచేసుకుంటే పసిగట్టే శక్తిని పోగొట్టుకుంటుంది. 2006 నాటి మరో ప్రయోగం ఇంకా ఇబ్బంది పెట్టేది. తమంతట తామే టైప్ 1 లాంటి మధుమేహం తెచ్చుకునే ఎన్ఓడీ చిట్టెలుకల బీటా కణాల్లో మెటలోథయోనిన్‌ను, కెటలేజ్‌ను పెంచితే జబ్బు ఆగాల్సింది పోయి ఇంకా ముందే వచ్చింది. రెండేళ్ల ముందు మార్పిడి చేసిన ఐలెట్లను కాపాడిన మెటలోథయోనినే ఇక్కడ ముంచింది. రెండు పనులూ ఒకే ప్రయోగశాల నుంచి వచ్చినవి కావడంతో పద్ధతుల్లో తేడా అని కొట్టిపారేయడానికీ లేదు. పెరాక్సైడ్ సంకేతం బతకడానికి అవసరమైన కొన్ని దారులను కూడా నడిపిస్తుందని పరిశోధకులు దీనికి వివరణ ఇచ్చారు.

మేలు చేసిన ప్రయోగాలనూ, కీడు చేసిన ప్రయోగాలనూ కలిపి చదివితే ఒక పద్ధతి కనిపిస్తుంది. దాత నుంచి క్లోమం తీసిన క్షణం నుంచి కొత్త రక్తనాళాలు అల్లుకునేదాకా, అంటే రెండు మూడు వారాలు, ఐలెట్‌కు అదనపు రక్షణ కావాలి. ఆ తర్వాత అదే రక్షణ దాని పనికి అడ్డం కావచ్చు. శాశ్వతంగా ఉండే జన్యుమార్పు కన్నా, ఐలెట్ చుట్టూ పూసి కొన్ని వారాల్లో కరిగిపోయే పొరలు, వేరుచేసే దశలో కలిపి తర్వాత కడిగేసే రసాయనాలు తెలివైన దారిగా అనిపిస్తాయి. టానిక్ యాసిడ్‌తో చేసిన పలుచని పూతల మీద ఇలాంటి పనే జరుగుతోంది, చుట్టూ ఉన్న రాడికల్స్‌ను అది అక్కడికక్కడే మింగేస్తుంది. వాపు తగ్గించే మందులతో పోలిస్తే యాంటీ ఆక్సిడెంట్లు రోగుల మీద జరిగిన ట్రయల్స్‌లో బాగా వెనకబడి ఉన్నాయన్నది మాత్రం ఒప్పుకోవాలి. ఇప్పటి సాక్ష్యంలో చాలా భాగం ఎలుకలదీ, గిన్నెలదీ.

ఈలోగా రంగం కూడా మారుతోంది. దాతల ఐలెట్లతో చేసిన చికిత్సకు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2023 జూన్‌లో తొలిసారి అనుమతి ఇచ్చింది. 2025లో మూలకణాల నుంచి తయారుచేసిన ఐలెట్ల ఫలితాలు వచ్చాయి. పూర్తి మోతాదు తీసుకున్న 12 మందిలో 10 మంది ఏడాది తర్వాత ఇన్సులిన్ లేకుండా ఉన్నారు. కణాలు ఫ్యాక్టరీలో కావలసినన్ని తయారవుతుంటే సగం పోయినా పర్వాలేదు కదా అనిపిస్తుంది. పోర్టల్ సిర ద్వారా ఎక్కించినంత కాలం ఆ వాదనలో బలముంది. కానీ జీవితాంతం రోగనిరోధక శక్తిని అణచే ఇమ్యునోసప్రెసెంట్ మందులు వాడకుండా ఉండాలంటే కణాలను రోగనిరోధక కణాలు చొరబడలేని క్యాప్సూల్‌లో పెట్టాలన్నది ఒక దారి. క్యాప్సూల్‌లోకి రక్తనాళాలు కూడా రావు. చిన్న జాగాలో కోట్ల కణాలు కిక్కిరిసి ఉంటే ఆక్సిజన్ పొట్లాట మళ్లీ మొదటికొస్తుంది. అందుకని క్యాల్షియం పెరాక్సైడ్‌ను లోపల పెట్టి, నీటితో కలిసినప్పుడు అది విడుదల చేసే ఆక్సిజన్‌తో కణాలను బతికించే పని నడుస్తోంది. ఆ చర్యలో ఆక్సిజన్ కన్నా ముందు పుట్టేది హైడ్రోజన్ పెరాక్సైడే. బీటా కణం తట్టుకోలేనిది సరిగ్గా దాన్నే కాబట్టి, క్యాల్షియం పెరాక్సైడ్‌ను సిలికోన్‌లో బంధించి, నీరు చాలా మెల్లగా మాత్రమే తగిలేలా చేయాల్సి వచ్చింది.